రాజహంస డబ్బాలో తెల్ల ప్యాకెట్

నేను ఒక రేకు డబ్బాను. అరకిలో చాయ్‌పత్తి పట్టే నాలుగు పలకల డబ్బాను. నా ఒంటి మీద నీలి చెరువు, అందులో ఒక తెల్లని హంస, దాని తల మీద బంగారు రంగు కిరీటం ఉంటాయి. ఇప్పుడు కిరీటం సగం చెరిగిపోయింది. హంసకు ఒక కన్ను కూడా పోయింది. అయినా ‘రాజహంస చాయ్’ అన్న అక్షరాలు మాత్రం దూరం నుంచి కూడా కనబడతాయి. నా బాధంతా ఆ అక్షరాలతోనే వచ్చింది.

నేను పుట్టింది జీడిమెట్లలో ఒక రేకుల షెడ్డులో. నాతోపాటు కోసిన రేకుల్లో కొన్ని బిస్కెట్ డబ్బాలయ్యాయి, కొన్ని పెయింటు డబ్బాలయ్యాయి. నాకు హంస దక్కింది. పండుగ ప్యాకింగ్ అని మమ్మల్ని ప్రత్యేకంగా చేశారు. అస్సాం నుంచి వచ్చిన పత్తి నా కడుపులో పోసి, మూత బిగించి, లారీ ఎక్కించిన రోజు నాకు కళ్ళు నెత్తికెక్కాయని ఒప్పుకుంటాను. లోపల ఉన్నదీ బయట రాసి ఉన్నదీ ఒకటే అయిన రోజులవి. ఆ సుఖం పోయినాక గాని దాని విలువ తెలియలేదు.

జగిత్యాలలో ఒక కిరాణా దుకాణం అద్దాల బీరువాలో నెల రోజులున్నాను. మార్కెట్ యార్డులో బస్తాలు మోసే హమాలీ లచ్చన్న రోజూ సాయంత్రం ఆగి నన్ను చూసి పోయేవాడు. ముప్పయ్యో రోజున నన్ను కొని తలపాగాలో చుట్టుకొని ఇంటికి పట్టుకుపోయాడు. భార్య పోసవ్వ చేతిలో పెట్టి, "డబ్బ మంచిగున్నది, పత్తి అయిపోయినంక చక్కెర పోసుకో" అన్నాడు. డబ్బా కోసం చాయ్ కొనడం మనుషులకే చెల్లింది. పోసవ్వ మాత్రం నాలో ఏనాడూ చక్కెర పోయలేదు. పత్తి అయిపోగానే రాజహంస ప్యాకెట్ తెప్పించి నన్ను నింపేది. లచ్చన్న పోయాక కూడా ఆ అలవాటు తప్పలేదు. నాలుగు గంటలకు చాయ్ తాగుతూ ఆమె నా హంస వైపు చూసేది. అప్పుడామె భర్తతో మాట్లాడుతోందని నాకు అనిపించేది.

కొడుకు రాజలింగు రైసుమిల్లులో పని చేసేవాడు. అతనికి స్వరూపతో పెళ్ళయింది. అత్తలేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అంటారు కదా. గల్లీలోని ఆడవాళ్ళంతా ఈ ఇంట్లో ఎప్పుడు గిన్నెలు ఎగురుతాయా అని చెవులు అటే వేసుకొని కూర్చున్నారు. వాళ్ళ ఆశ తీరలేదు. అత్తాకోడళ్ళు ఎదురెదురుగా కూర్చొని బీడీలు చేసేవారు. స్వరూప తునికాకు కత్తిరించి చుట్టేది. కళ్ళు మసకేసిన పోసవ్వ దారం కట్టేది. ఆ ఎర్రదారం ముడి ఆమె ఒక్కతే వేయగలదు. రెండు చుట్లు, లోపలికి ఒక మెలిక. కార్ఖానాలో బీడీలు ఏరేవాడు సైతం ఆ ముడి చూసి, "ఇవి పోసవ్వ కట్టలు" అని పక్కన పెట్టేవాడట.

నాలుగేళ్ళ కింద రోజులు మారాయి. మిల్లు వారంలో మూడు రోజులే నడిచింది. బీడీ పని నెలకు పన్నెండు రోజులకు పడిపోయింది. అప్పుడు మొదలైంది స్వరూప పరిశోధన. మనుషులు చదువుకున్నవాళ్ళనే పండితులంటారు. ఇంటి సామాను తక్కువలో తేవడానికి ఆ అమ్మాయి పడ్డ తిప్పలు చూస్తే ఆ మాట అనరు.

ఊళ్ళో రెండు పెద్ద దుకాణాలు వచ్చాయి. ఒకటి బైపాస్ రోడ్డు మీద ఉంది. పేరున్న కంపెనీల సరుకే, అట్ట మీద ముద్రించిన ధర కంటే తక్కువకు ఇస్తారు. రెండోది గడియారం చౌరస్తా దగ్గర ఉంది. అక్కడ కంపెనీ సరుకుతోపాటు ఆ దుకాణం వాళ్ళు సొంతంగా కట్టే ప్యాకెట్లు ఉంటాయి. బొమ్మ లేదు, రంగు లేదు. తెల్ల ప్యాకెట్ మీద నల్ల అక్షరాలతో ‘కందిపప్పు’, ‘ఉప్పు’, ‘చాయ్‌పత్తి’ అని ఉంటుంది, అంతే. ధర మాత్రం కంపెనీ సరుకులో ఇంచుమించు సగం. మా గల్లీ ఈ రెండు దుకాణాలుగా చీలిపోయింది. పక్కింటి జమునక్క బైపాస్ పక్షం.

"పాగల్‌దానివా స్వరూపా? బైపాస్ కాడ అసలు కంపెనీ మాలే తక్కువకు దొరుకుతాంటే, పేరు లేని ప్యాకెట్లు ఎవలు తింటరే?"

"పేరును ఉడకవెట్టుకోని తింటమా అక్కా? పప్పు పప్పే నాయె. నీ బైపాస్‌కు ఆటోల పోను ఇరవై, రాను ఇరవై. ఒక్క సబ్బుకని పోతే బుట్టెడు సామాను మీద వడ్తది."

ఒక ఆదివారం ఇద్దరూ పందెం వేసుకున్నారు. రెండు కుక్కర్లలో రెండు పప్పులు పెట్టారు. తెల్ల ప్యాకెట్ పప్పు ఒక విజిల్ ఎక్కువ అడిగింది. పోసవ్వ కళ్ళు మూసుకొని రెండూ రుచి చూసి, "రెండిట్లనూ ఉప్పు తక్కువైంది" అని తీర్పు చెప్పింది. ఇంటిల్లిపాదీ పడిపడి నవ్వారు. ఆ ఇంట్లో నేను విన్న చివరి పెద్ద నవ్వు అదే.

పప్పు తెల్ల ప్యాకెట్‌కు మారింది. తర్వాత ఉప్పు, సబ్బు, నూనె ఒక్కొక్కటే మారాయి. రాజలింగు ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాడు. "అన్నీ తక్కువయి తే. గని అవ్వ చాయ్‌పత్తి జోలికి వోకు. నాయిన ఉన్నప్పటి సంది గదే తాగుతాంది." స్వరూప తలూపింది. చాయ్‌పత్తి ఒక్కటీ బైపాస్ దుకాణంలో తెచ్చేది. అక్కడ కిరాణా కన్నా ముప్పయి అయిదు రూపాయలు తక్కువ. రెండు నెలలకొకసారి పోయి రెండు ప్యాకెట్లు తెచ్చేది, అట్లాగైతే ఆటో కిరాయి పోను ఎంతోకొంత మిగులుతుందని.

వానాకాలంలో మిల్లు పూర్తిగా మూతబడింది. ఒకరోజు మధ్యాహ్నం పోసవ్వ కునుకు తీస్తుండగా స్వరూప కొంగులోంచి ఒక తెల్ల ప్యాకెట్ తీసింది. కత్తెర పట్టుకొని నా ముందు చాలాసేపు నిలబడింది. "తప్పు నాదే గని ఏం జెయ్యాలె" అని నాతోనే అన్నట్టు గొణిగి, మూత తీసి ఆ పత్తి నా కడుపులో ఒంపింది. పొడి పొడి పత్తి, రవ్వలాగా సన్నగా ఉంది. చెడ్డది కాదు. రంగు దిగుతుంది, వాసన మాత్రం ఆలస్యంగా వస్తుంది. కాని బయట నా హంస అలాగే కిరీటం పెట్టుకొని ఈదుతోంది. పైన పటారం, లోన లొటారం అంటే నేనే. మనిషి అట్లా ఉంటే మోసం అంటారు, డబ్బా అట్లా ఉంటే పొదుపు అంటారు.

ఆ రోజు నాలుగు గంటలకు పోసవ్వ మొదటి గుటక వేసి ఒక్క క్షణం ఆగింది.

"ఏమత్తా?" అంది స్వరూప. ఆమె చేతిలో తునికాకు చిరిగిపోయింది.

"ఏం లేదే. ఉడుకుగున్నది" అని పోసవ్వ మిగిలింది తాగేసింది.

అప్పటినుంచి స్వరూప ఆ తేడాను కప్పిపుచ్చడానికి పడరాని పాట్లు పడింది. అల్లం దంచి వేసేది. రెండు ఏలకులు వేసేది. మిగిల్చినదాంట్లో పావువంతు అల్లానికీ ఏలకులకూ పోయింది. ఆ సంగతి ఆమెకూ తెలుసు. ఇంటికి ఎవరొచ్చినా పోసవ్వ గ్లాసు ఎత్తి చూపి, "మా కోడలు నాకు రాజహంస తప్ప పెట్టది" అనేది. ఆ మాట విన్న ప్రతిసారీ స్వరూప పొయ్యి వైపు తిరిగి కళ్ళు తుడుచుకునేది. నేతిబీరకాయలో నెయ్యి ఎంతో నాలో రాజహంస అంత.

ఇక ఇప్పుడు చెప్పబోయేది నేను తప్ప ఎవరూ చూడలేదు.

ఆ ఏడు దసరా పోయిన కొన్నాళ్ళకు ఒకరోజు స్వరూప తెల్ల ప్యాకెట్ నాలో ఒంపి, ఖాళీ ప్యాకెట్ పొయ్యిలో వేయడం మరచి వంటింటి అరుగు మీదే వదిలేసి, బీడీలు ఇవ్వడానికి కార్ఖానాకు పోయింది. పోసవ్వ నీళ్ళ కోసం లేచి వచ్చింది. ఆమె చేతికి ఆ ప్యాకెట్ తగిలింది. చదువు రాదు. కాని ముక్కు ఉంది కదా. ప్యాకెట్ వాసన చూసింది. నా మూత తీసి చిటికెడు పత్తి అరచేతిలో పోసుకొని అదీ వాసన చూసింది. తర్వాత అక్కడే గోడకు ఆనుకొని కూర్చుంది. కోపం వస్తుందనుకున్నాను. నన్ను ఎత్తి బయటికి విసురుతుందనుకున్నాను. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఎంత కష్టం వచ్చిందే బిడ్డా నీకు" అంది, ఎదురుగా లేని కోడలితో.

అంతలో వాకిట్లో రాజలింగు సైకిల్ చప్పుడైంది. ఈ ప్యాకెట్ కొడుకు కంట పడితే కోడలిని ఎంత మాటంటాడో ఆమెకు తెలుసు. గబగబా ప్యాకెట్‌ను నాలుగు మడతలు పెట్టి, బీడీల చాటలోంచి ఎర్రదారం తీసి కట్టింది. రెండు చుట్లు, లోపలికి ఒక మెలిక. నన్ను పక్కకు జరిపి, అరలో పరిచిన పాత పేపరు కిందికి దాన్ని తోసి, మళ్ళీ నన్ను దాని మీదే కూర్చోబెట్టింది. అప్పటినుంచి నేను ఆ ప్యాకెట్ మీదే కూర్చున్నాను.

స్వరూప తిరిగి వచ్చి అరుగంతా వెతికింది. పొయ్యి పక్కన, చాట కింద, చీపురు వెనక కూడా చూసింది.

"ఏం దేవులాడుతున్నవే?" అంది పోసవ్వ.

"ఏం లేదత్తా. కత్తెర."

"కత్తెర నీ చేతులనే ఉన్నది గదనే."

ఆ రోజు నుంచి పోసవ్వ కొత్త మాట ఒకటి పట్టుకుంది. "పత్తి ఒక చెంచా తక్కువెయ్యే, సప్పగున్నా మంచిదే" అనేది. కోడలికి ఇంకొంచెం మిగులుతుందని ఆమె ఆశ. స్వరూప వేరేగా అనుకుంది. తెల్ల ప్యాకెట్ చేదు అత్త నాలుకకు పట్టనే పట్టింది, పాపం చెప్పలేక తక్కువ వేయమంటోంది అనుకుంది. ఆ రాత్రి భోజనం సరిగా తినలేదు. ఒకరి మీద ఒకరికి ప్రేమ ఉండి కూడా మనుషులు ఇంత తప్పుగా లెక్క కడతారని నాకు అప్పుడే తెలిసింది. నా మూత విప్పి అరిచి చెప్పాలనిపించింది. నాకు మూత ఉంది గాని నోరు లేదు.

చలికాలం చివర్లో పోసవ్వకు జ్వరం పట్టుకుంది. రెండు వారాలైనా వదలలేదు. డాక్టరు చూసి, ఒంట్లో సత్తువ లేదు, ఇంటికి తీసుకుపోయి ఏది అడిగితే అది పెట్టండి అన్నాడు. ఆమె ఏదీ అడగలేదు. గంజి కూడా వద్దంది. ఒక పొద్దున హఠాత్తుగా ముఖం తేటపడింది. తనే లేచి గోడకు ఆనుకొని కూర్చుంది.

"స్వరూపా, ఇంత చాయ్ పెట్టరాదె."

స్వరూప పరుగున వచ్చి నా మూత తీసింది. అడుగున నాలుగు చెంచాల తెల్ల ప్యాకెట్ పత్తి ఉంది. ఆ నాలుగు చెంచాలు చాలు. పాలు ఉన్నాయి, చక్కెర ఉంది, పొయ్యిలో నిప్పు ఉంది. కాని ఆమె చెయ్యి ఆగిపోయింది. రెండు వారాలకు నోరు తెరిచి అడిగిన చాయ్ ఇది. ఇది కూడా మోసం చాయేనా? కళ్ళు తుడుచుకొని మూత పెట్టేసింది. "ఇప్పుడే వస్త అత్తా, జర ఓపిక పట్టు" అని జమునక్కను అత్త దగ్గర కూర్చోబెట్టి బయటికి పరుగెత్తింది.

తర్వాత జరిగింది ఆమె ఏడుస్తూ జమునక్కకు చెప్పగా విన్నాను. గల్లీ మలుపులో కిరాణా దుకాణం ఉంది. అందులో రాజహంస ఉంది. నడిచి పోయి రావడానికి అయిదు నిమిషాలు. డబ్బులు కొంగులో ఉన్నాయి. సేటు ధర చెప్పగానే ఆమె నోటినుంచి "వద్దు" అన్న మాట దానంతటదే వచ్చేసింది. ముప్పయి అయిదు రూపాయలు ఎక్కువ. అత్త లేచి కూర్చున్నదాయె, ముఖం తేటగా ఉన్నదాయె, అరగంటలో పోయి వస్తాననుకుంది. మూడేళ్ళుగా రూపాయి రూపాయి పోల్చి చూసుకున్న మనిషి కాళ్ళు వాటంతటవే ఆటో వైపు నడిచాయి. ఒక్క ప్యాకెట్‌కు ఆటో కిరాయే నలభై అవుతుందన్న లెక్క ఆ తొందరలో తట్టనే లేదు. ఆటో నిండేదాకా కదల్లేదు. బైపాస్ దుకాణంలో బిల్లు దగ్గర పదిహేను మంది ఉన్నారు. ముందున్న ఆమె బుట్టలో ఒక డబ్బా మీద ధర చీటీ లేక దాన్ని మార్చుకొచ్చేదాకా అందరూ ఆగారు.

ఇంట్లో పోసవ్వ రెండుసార్లు తలుపు వైపు చూసింది.

జమునక్క నా మూత తీసి చూసి, "పెద్దమ్మా, డబ్బల పత్తి ఉండనే ఉన్నది. నేను పెట్టనా?" అంది.

"వద్దు బిడ్డా. స్వరూప వచ్చి పెడ్తది. దాని చేతి చాయే తాగుత."

కాసేపటికి జమునక్కతో మంచినీళ్ళు తెమ్మంది. జమునక్క చెంబు పట్టుకొని వచ్చేసరికి పోసవ్వ తల గోడ మీదుగా పక్కకు వాలి ఉంది. కళ్ళు నా వైపే తెరిచి ఉన్నాయి. నాలో నాలుగు చెంచాల పత్తి అలాగే ఉంది.

స్వరూప చేతిలో ప్యాకెట్‌తో గడప దగ్గరే కూలబడింది. "ముప్పై అయిదు రూపాలకు నిన్ను పోగొట్టుకుంటి గద అత్తా! ఉన్నది పెట్టకపోతిని, లేనిదానికి ఉరికితిని!" అని నేలకు తల కొట్టుకుంది. ఆ ఏడుపు విని రేకు డబ్బానైన నాకే గుండె పగిలింది. గుండె లేనివాళ్ళకు పగలదని ఎవరన్నారో గాని వాళ్ళకు తెలియదు.

మూడో రోజు వాగు ఒడ్డున పిట్టకు పెట్టారు. పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ వండి విస్తరిలో పెట్టి, పిట్ట వచ్చి ముట్టేదాకా అందరూ దూరంగా కూర్చొని ఎదురుచూస్తారు. ముడితే కోరిక తీరినట్టు. ముట్టకపోతే పోయినవాళ్ళు ఏదో మనసులో పెట్టుకొని పోయినట్టు. పోసవ్వ చేతికర్రతో పాటు నన్నూ తీసుకుపోయి విస్తరి పక్కన పెట్టారు. అన్నం, కోడికూర, గారెలు అన్నీ పెట్టారు. మూడు రాళ్ళ పొయ్యి మీద స్వరూప అసలు రాజహంస ప్యాకెట్ విప్పి, చిక్కని పాలతో చాయ్ కాచి గ్లాసులో పోసి పెట్టింది. ఆ వాసన నాకు నా చిన్నతనాన్ని గుర్తుచేసింది.

తాటిచెట్టు మీద కాకులున్నాయి. ఒక్కటీ దిగలేదు. ఎండ నెత్తికొచ్చింది. రాజలింగు చేతులు జోడించి, "అవ్వా, నీ పేరు మీద ఏడాదికో బోనం ఎత్తుత, రాయే" అన్నాడు. కాకులు కదల్లేదు. మనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం మొదలుపెట్టారు. స్వరూప ముఖం చూడలేకపోయాను. అత్త చాయ్ అడిగి తాగకుండా పోయిందన్నది అక్కడ అందరికీ తెలుసు. అత్తకు మోసం చాయ్ పోసిన సంగతి మాత్రం తనకొక్కదానికే తెలుసు.

కులంలో పెద్దామె ఒకతె నా వైపు వేలు చూపింది. "ఆ డబ్బల పత్తి తోటి పెట్టి చూడున్రి. ముసల్ది రోజు తాగింది గదే నాయె."

స్వరూప నా మూత తీయడానికి రెండుసార్లు ప్రయత్నించి మూడోసారి తీసింది. నాలుగు చెంచాలూ దులిపి వేసింది. అల్లం లేదు, ఏలకులు లేవు. సన్నని తెల్ల ప్యాకెట్ పత్తి నీళ్ళలో తిరిగి నెమ్మదిగా రంగు దిగింది. గ్లాసులో పోసి విస్తరి పక్కన పెట్టి, ఆమె వెనక్కి పది అడుగులు కూడా వేయలేదు. చెట్టు మీంచి ఒక కాకి దిగింది. అన్నం చూడలేదు, కోడికూర చూడలేదు. మొదటి గ్లాసు పక్కనుంచి నడిచి వచ్చి, రెండో గ్లాసులో ముక్కు ముంచింది.

"ముట్టింది! ముట్టింది!" అని అందరూ లేచారు. "చూసిన్రా, డబ్బలదే అసలు రాజహంస! ఆ ప్యాకెట్ల ఏం కలుపుతాన్రో ఏందో!" అంది జమునక్క. అందరూ ఔనన్నారు. కాకికి ఏ చాయ్ ఏదో తెలిసి వచ్చిందా, చక్కెర ఎక్కువైందని వచ్చిందా, అది నేను చెప్పలేను. స్వరూప మాత్రం నా పక్కన మోకాళ్ళ మీద కూలబడి, ఖాళీ అయిన నన్ను రెండు చేతులా పట్టుకొని, ఎవరికీ వినపడనంత మెల్లగా అడిగింది.

"అత్తా, నీకు ఎర్కేనా?"

ఇది జరిగి ఎనిమిది నెలలైంది. మిల్లు మళ్ళీ నడుస్తోంది. స్వరూప ఇప్పటికీ తెల్ల ప్యాకెట్లే తెస్తుంది, వేరే దారి లేదు. విప్పిన రాజహంస జమునక్కకు ఇచ్చేసింది. చాయ్‌పత్తి ఒక గాజు సీసాలో పోసుకుంటోంది, బయటికి కనబడేలా. నన్ను ఖాళీగా అదే అరలో, అదే చోట ఉంచింది. రోజూ సాయంత్రం నాలుగింటికి చేతిలోకి తీసుకుంటుంది. మూత తీసి లోపలికి చూస్తుంది. అదే ప్రశ్న అడుగుతుంది. హంసను కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టేస్తుంది.

జవాబు నా కిందే ఉంది. పాత పేపరు కింద, నాలుగు మడతల తెల్ల ప్యాకెట్, దాని చుట్టూ ఎర్రదారం, లోకంలో ఒక్కతే వేయగల ముడి. ఏటా దసరాకు అరలన్నీ దులిపి పేపర్లు మార్చేది స్వరూప. ఈ ఏడు ఇంట్లో చావు జరిగిందని పండుగ చేయలేదు, పేపర్లు మార్చలేదు. వచ్చే దసరాకు మారుస్తుంది. నా అడుగున తుప్పు మొదలైంది. ఆ తుప్పు కాగితానికి అంటుకొని ముడిని తినేయకూడదని, ఎండాకాలం తొందరగా రావాలని, ఇంకొక్క ఏడాది గట్టిగా ఉండాలని కోరుకుంటూ కూర్చున్నాను. ఈ సాయంత్రం కూడా ఆమె నన్ను ఎత్తింది, అడిగింది, తుడిచింది. మళ్ళీ తెచ్చి సరిగ్గా దాని మీదే పెట్టింది.